అడుగు ఊడ్చని డబ్బా

కదిలింది, కదిలింది, అదిగో గీత కదిలింది, అనుకుంటూ పుణ్యవతి ఎత్తు స్టూలు మీద నుంచి ముందుకు వంగింది, వంగేసరికి కాలికున్న రబ్బరు చెప్పు ఊడి కింద పడింది, పడితే పడింది, ఇప్పుడు చెప్పు ముఖ్యమా గీత ముఖ్యమా. కొరాపుట్‌లో మనవరాలు ప్రవీణ చదివే చోట, కెమిస్ట్రీ లేబరేటరీలో, కిటికీ అవతల జల్లు పడుతూ ఆగుతూ ఉంటే, ఆవిడ ఒళ్లో సెల్లుఫోను, నుదుటి మీద నాలుగు కుట్లు, ఎదురుగా బల్ల మీద టిఫిను డబ్బా కన్నా చిన్న మిషను. దానికి మూడు తీగలు, తీగల చివర గాజు గిన్నె, గిన్నెలో రెండు వేళ్ల లోతు నీళ్లు. నీళ్లలోకి దిగిన మూడింటిలో ఒకటి వెండి, ఒకటి ప్లాటినం అట, అవి సరే, మూడోది చూసి మాత్రం పుణ్యవతికి నవ్వాగలేదు. మూడోది పెన్సిలు ములుకు. కోమటి కొట్లో దొరికేది, పిల్లలు కొరికి ఉమ్మేసేది. తను మూడో క్లాసుతో పలక కింద పెట్టేసింది, పెన్సిలు పట్టుకునే భాగ్యమే కలగలేదు, ఇప్పుడు డెబ్బై రెండో ఏట ఆ పెన్సిలే నాలుక చాపి నీళ్ల రుచి చూస్తుందట, చూసి అందులో నిద్రమాత్ర ఉందో లేదో చెబుతుందట. చెప్పు తల్లీ, బేగి చెప్పు, నీ నాలుక చల్లగుండ.

“గంతులెయ్యకు మామ్మా,” అంది ప్రవీణ కంప్యూటరు మీంచి కళ్లు తిప్పకుండానే. “అది ఉత్త నీల్ల గీత. ముందల ఏటీ నేని గీత గియ్యాల. అది తెలకపోతే, ఉన్నదేటో ఎలాగ తెలుస్తాది?”

నిజమే కదా, అనుకుంది పుణ్యవతి, ఏమీ లేనప్పుడు ఇల్లు ఎలా ఉంటుందో తెలిస్తేనే కదా మనిషి ఉన్నప్పుడు ఏం ఉండేదో తెలిసేది, అనుకుని, ఆ మాట తనే అనుకున్నందుకు తనే ఉలిక్కిపడి, కార్తీకంలో పోయిన మొగుడి సంగతి ఇప్పుడెందుకు, ఇప్పుడు తలచుకోవలసింది సుక్రిని, అని మనసుని చెవి పట్టి వెనక్కి లాక్కొచ్చింది. సుక్రి ఈ నిమిషాన దసమంతపూర్ సంతలో, పుణ్యవతి కొడుకు సూర్యప్రకాష్ స్టీలు సామాన్ల కొట్టు ఎదురుగానే, గోనె పరుచుకుని వేర్లూ చింతపండూ అల్లమూ పెట్టుకుని కూర్చుని ఉంటుంది. కొట్టు మెట్టు మీద నిలబడి సూర్యప్రకాష్ ఆవిడ మీద కన్నేసి ఉంటాడు. వాడి జేబులో ఠాణాలో ఇవ్వడానికి రాయించిన కాగితం ఉంటుంది. ఎందుకంటే పదిరోజుల కిందట పుణ్యవతి పొద్దున్నే కుళాయి దగ్గర బిందె ఎత్తబోయి, కళ్లు మూతలు పడి, నిలువునా కూలిపోయింది. ఆస్పత్రిలో నుదుటికి కుట్లు వేసిన డాక్టరు, ఈవిడ మత్తుగా ఉందేమిటని మూత్రం పరీక్ష చేయించి, నిద్రమాత్రలు ఎన్ని వేసుకుంటావు అమ్మా అని అడిగాడు. ఒక్కటీ వేసుకోను బాబూ, రాత్రి పడుకోబోయే ముందు మా సుక్రి ఇచ్చే వేరు పొడి ఒక చెంచా పాలలో, అంతే, అంది ఈవిడ, ఉన్నది ఉన్నట్టు, ఆ ముక్క అన్నందుకు ఇప్పటిదాకా తన నోటిని తనే తిట్టుకుంటోంది. అంతే, సూర్యప్రకాష్ కళ్లు ఎర్రబడ్డాయి. వేర్లో ఇంగ్లీషు మాత్ర నూరి కలిపి అమ్ముతోంది, అందుకే అందరికీ గుణమిస్తోంది, ఈసారి సంతకి రానీ, దాని సంగతి తేలుస్తా అన్నాడు. కూతురి పురుటికని వెళ్లి సుక్రి మూడు సంతలు రానేలేదు. ఇవాళ వచ్చింది.

పొద్దున్న పుణ్యవతి బస్సెక్కబోతుంటే వచ్చింది. తలమీద బుట్ట, మెడలో పూసలు, నోట్లో పొగాకు, పాపం ఆవిడకి ఏం తెలుసు, మనవడు పుట్టాడని చెప్పబోయి, ఈవిడ నుదుటి కట్టు చూసి బుట్ట దింపేసింది. పన్నెండేళ్ల కిందట, మొగుడు రిటైరై దమన్‌జోడి క్వార్టరు ఖాళీ చేసి దసమంతపూర్ వచ్చిన కొత్తలో, ఇద్దరూ ఒకరి చేతిలో ఒకరు పూలూ బియ్యమూ పెట్టుకుని సంగాత్ కట్టుకున్నారు. సంగాత్ కట్టుకున్నాక పేరు పెట్టి పిలుచుకోకూడదు, సంగాత్ అనే పిలవాలి, చచ్చేదాకా మాట తప్పకూడదు, అది ఇక్కడి కట్టు. సుక్రి అంటే శుక్రవారం పుట్టినదని, పుణ్యవతీ శుక్రవారమే పుట్టింది, అదీ చుట్టరికం. అలాంటి మనిషికి ఆ వార్త ఎలా చెప్పాలి. చెప్పింది. సగం తెలుగులో, సగం ఇక్కడి కొండవాళ్ల దేశియా మాటల్లో, ఏడుస్తూ చెప్పింది. సుక్రి ఏడవలేదు. బుట్టలో చెయ్యి పెట్టి, మన్ను అంటుకున్న వేరు ఒకటి లాగి, కొస కటుక్కున కొరికి నమిలి మింగి, మిగిలింది ఈవిడ చేతిలో పెట్టింది.

“తీసుకెల్లు సంగాత్. కడగని వేరు, నూరని వేరు. మీ గుంట మిషనుకి తినిపించు. సంత ఎత్తేదాకా నేను ఈడే కూసుంటాను. ఎక్కడికీ పారిపోను.”

ఆ వేరు ఇక్కడికొచ్చింది, ప్రవీణ దాన్ని కడిగి, శుభ్రమైన రోట్లో నూరి, ఏదో ద్రావకంలో నానబెట్టి, వడగట్టి, ఇప్పుడు నాలుగు చుక్కలు గాజు గిన్నెలో వేసింది. నీళ్లలోకి సన్నటి గొట్టం దించి గుడగుడమని గాలి వదిలింది, గాలి కాదు, నైట్రోజనట, నీళ్లలో దాక్కున్న ఆక్సిజన్ని తరిమెయ్యడానికి, అదుంటే మందుకన్నా ముందే అది కరెంటు తాగేసి దొంగ గీత గీస్తుందట. చూశావా, పెళ్లివారికన్నా ముందు పంక్తిలో కూర్చునే వాళ్లు అక్కడా ఉన్నారన్నమాట. గుడగుడ ఆగింది. గీత మొదలైంది. ఎడమ నుంచి కుడికి పాకుతోంది, చీమ పాకినట్టు, మైనస్ తొమ్మిది వందలో ఏదో చోటుందట, ప్రవీణ అక్కడ తెర మీద వేలు పెట్టి చూపించింది, నిద్రమాత్ర ఉంటే అక్కడికొచ్చేసరికి గీత గుట్టలా లేస్తుందట, ఎవరి గుమ్మం దగ్గర వాళ్లు లేచి నిలబడ్డట్టు, ప్రతి మందుకీ ఒక గుమ్మం. గీత ఆ గుమ్మం దగ్గరికొచ్చింది. లేవకు, లేవకు తల్లీ, మజ్జిగౌరమ్మా, రాయగడ వచ్చి నీకు ఎర్ర చీర పెడతాను లేవకు. లేవలేదు. గుమ్మం దాటేసింది. కోత కోసిన మడిలా సాపుగా, చదునుగా, ఉత్త నీళ్ల గీత మీద పరిచినట్టు వెళ్లిపోయింది.

“ఒలమ్మో! నా సంగాత్ గెలిసింది!” అని పుణ్యవతి స్టూలు దిగి, రెండో చెప్పు కూడా వదిలేసి, మనవరాలి భుజాలు పట్టుకుని ఊపేసింది. “బేగి మీ బాబుకి ఫోన్ కొట్టే గుంటా.”

“ఆగు మామ్మా. బాబు ఏటంటాడు? ఇవాళ మంచిదిచ్చింది, ఇన్నాళ్లూ కలిపిచ్చింది అంటాడు. డబ్బా సూడాల.”

డబ్బా. అవును, డబ్బా. బల్ల మీద ఇత్తడి డబ్బా, మూత మీద నెమలి బొమ్మ, పుట్టింటి సారెలో వచ్చింది. మామ్మా కుదపొద్దు, పైది పైనే కిందది కిందే ఉండాలి అని ప్రవీణ పదిసార్లు చెప్పబట్టి, బస్సు కొండ మలుపుల్లో ఎంత ఊగినా ఈవిడ దాన్ని రెండు చేతుల మధ్య నిండు పాలచెంబులా పట్టుకునొచ్చింది. ప్రవీణ మూత తీసి, అంచు వారన పైపొడి ఒక చెంచా, అడుగుపొడి ఒక చెంచా విడివిడిగా తీసి, ఒక్కోదాన్ని కాగితం మీద కుప్ప పోసింది. కుప్పని అరచేత్తో అదిమి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు పారేసి, మిగతా రెండూ కలిపి మళ్లీ కుప్ప పోసింది. ఒరే, ఇది ఆయన పని కదా. ముప్పై ఏళ్లు అల్యూమినా ఫ్యాక్టరీ లేబరేటరీలో తిరుమలరావు చేసింది ఇదే, లారీడు ఎర్రరాయి తెచ్చి పోస్తే, కుప్ప చేసి నాలుగు చేసి రెండు పారేసి, మళ్లీ కుప్ప చేసి, చివరికి గుప్పెడు చేసి, దాన్ని పసుపుకన్నా మెత్తగా నూరేవాడు, ఆ గుప్పెడు అబద్ధమాడకూడదు పుణ్యం, లారీ అంతటి తరఫునా అదే సాక్షి అనేవాడు. ఇంట్లో ఉప్మా రవ్వ కూడా అలాగే పంచేవాడు, పిల్లలు నవ్వేవారు. తాత చెయ్యి మనవరాలికొచ్చింది.

పైపొడికి గీత ఇంతంటే ఇంతే లేచింది, గోరంత, అది లేవడమేనా అనిపించేంత. అడుగుపొడికి, అమ్మ బాబోయ్, అడుగుపొడికి ఆ గుమ్మం దగ్గర గీత దేవమాలి కొండలా లేచింది. నిటారుగా లేచి, శిఖరం చేరి, అవతలికి దిగింది. కొండ. పుణ్యవతి కొండలు పుట్టెడు చూసింది గానీ ఏ కొండా ఇలా గుండెల మీద లేవలేదు. అంటే ఉంది. డబ్బాలో ఉంది. సుక్రి నోటితో కొరికి చూపించిన వేరు ఒకటీ, ఇన్నాళ్లు పోసిన పొడి ఒకటీనా? లేదు, లేదు, ఆవిడ అలాంటిది కాదు, మరి ఎలా వచ్చింది, మందు కాళ్లు పెట్టుకుని వస్తుందా. సరిగ్గా అప్పుడే ఒళ్లో ఫోను కుయ్యిమంది, కొడుకు.

“అమ్మా, ఏటైంది? మూడైపోతంది. ఆవిడ అల్లమంతా అమ్మేసింది, బుట్ట సర్దుతంది. ఠాణా బాబు మన కొట్లోనే టీ తాగుతున్నాడు.”

“వేర్లో ఏటీ నేదురా నాన్నా, సదును గీత.”

“మరి డబ్బాలో?”

“డబ్బా సంగతి ఇంకా తేలనేదు,” అంది ఈవిడ. తేలనేదంటే ఉన్నట్టేనని వాడికి తెలుసు, తన కడుపున పుట్టినవాడే కదా. “అమ్మా, ఆ కుళాయి గట్టు నీ కణతకి తగిలుంటే ఏటయ్యేది? నాన్న పోయి ఏడాది తిరగనేదు. నేను ఊరుకోను,” అన్నాడు. వాడిదీ ప్రేమే, ఎవరిని తప్పు పట్టాలి. “మరో టీ ఇప్పించు బాబుకి. నేను సెప్పేదాకా ఆ కాగితం జేబులోంచి తియ్యకు. తీసేవంటే నా మీదొట్టు,” అని ఫోను పెట్టేసింది.

ఎంత ఉందో తేలుద్దాం మామ్మా, ఉందో లేదో కాదు, ఎంత అన్నదే లెక్క, అంటూ ప్రవీణ సన్నగొట్టంతో అసలు నిద్రమాత్ర ద్రావకం, ఎంత ఉందో తెలిసినది, ఒక్క చుక్క గిన్నెలో వేసింది. కొండ పెరిగింది. మరో చుక్క, ఇంకా పెరిగింది. మరో చుక్క. పుణ్యవతికి తటాలున అర్థమైపోయింది, ఎవరూ చెప్పకుండానే, ఎందుకంటే ఇది తన పని. ఎన్ని పెళ్లిళ్లకి పులుసులు కాచలేదు తను. ఎవరో ఉప్పు వేసి ఎంత వేశారో మరిచిపోయి పోతారు, అప్పుడేం చేస్తాం, ఒక గిన్నెలోకి తీసి, చిటికెడు వేసి రుచి చూసి, మరో చిటికెడు వేసి మరో రుచి చూసి, చిటికెడుకి నాలుక మీద ఎంత ఎక్కుతోందో పట్టుకుని, వెనక్కి లెక్కపెట్టుకుంటూ పోతే మొదట ఎంత పడిందో దొరికిపోతుంది. కంప్యూటరు కూడా మూడు చుక్కల మీదుగా గీత గీసి, వెనక్కి వెనక్కి లాగి, ఒక చోట ఆపింది. మరి ఇన్నేళ్లు చదివి వీళ్లు కనిపెట్టిందేమిటి, మా అత్తగారి పులుసే కదా, అనుకుంటే ఒక పక్క గర్వంగా కూడా ఉంది. ప్రవీణ కాగితం మీద గబగబా వేసుకుని తలెత్తింది. పైపొడి చెంచాకి మాత్రలో పదోవంతు కూడా లేదు. అడుగుపొడి చెంచాకి రెండు మాత్రల పైమాటే.

“మామ్మా, అడుగుపొడి ఎప్పటిది?”

ఎప్పటిదేమిటి, ఎప్పటెప్పటిదో. డబ్బా అడుగు ఎవరైనా ఊడుస్తారా. బియ్యం డబ్బా గానీ, ఉప్పు జాడీ గానీ, పసుపు భరిణ గానీ, గుప్పెడైనా మిగిలుండగానే కొత్తది పోసుకోవాలి, అడుగు గీకితే ఇంటి సిరి లేచిపోతుంది, అత్తగారు తనకి చెప్పింది, తను కోడలికి చెప్పింది. సుక్రి ప్రతినెలా పొడి తెచ్చేది, ఉన్నదాని మీదే పోసేది. ఈ మూడు సంతలూ సుక్రి రాకపోబట్టి కదా, పైది అంచున కాస్త మిగిలి, నడుమ గొయ్యి పడి, కిందికి, ఇంకా కిందికి చెంచా దిగింది. అవునవును, సరిగ్గా ఆ రోజుల్లోనే కదా మత్తు పట్టింది, సరిగ్గా చెంచా అడుగుకి తగిలిన రోజుల్లోనే కదా కుళాయి దగ్గర కూలబడింది. అంటే ఈ కొండ కార్తీకం ముందుది. ఆయన మంచంలో ఉన్ననాటిది. పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయి, పదమూడు నెలలు మంచంలో ఉన్ననాటిది. రాయగడ డాక్టరు ఆయనకి నిద్రమాత్రలు రాశాడు, రోజుకొకటి, తనే విప్పి చేతిలో పెట్టేది, నోట్లో వేసుకుని నీళ్లు తాగి, ఆ అని నోరు తెరిచి చూపించేవాడు చిన్నపిల్లాడిలా.

పుణ్యవతి డబ్బా దగ్గరకి లాక్కుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. అదే వాసన. ఈ ఎనిమిది నెలలూ రోజూ రాత్రి మూత తీయగానే ఆయన గుర్తుకొచ్చి కళ్లు తడిసేవి, అది దుఃఖం అనుకుంది, మనిషి పోతే ఏం చూసినా ఆ మనిషే అనుకుంది, కాదు, కాదు, ఇది వట్టి దుఃఖం కాదు, ఇందులో వాసనే ఉంది. సుక్రి ఇచ్చిన వేరు మిగతా ముక్క తీసి వాసన చూసింది. మన్ను, చేదు, అంతే. మళ్లీ డబ్బా. లవంగం. ఒలమ్మో, లవంగం.

“అమ్మీ, నీ భూతద్దం ఉంది కదా, అడుగుపొడిలో వక్క ముక్క ఉందేమో సూడు,” అంది, తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. ప్రవీణ అద్దం కింద సూదితో కెలికింది. తెల్లటి నలుసులు. వేరు పీచు. కెలికి కెలికి ఆగిపోయింది. ఎర్రటి నలుసు ఒకటి, ఇంకోటి. “వక్కే మామ్మా. నీకెలాగ తెలిసింది?”

ఎలాగ తెలియదు. టక్ టక్ టక్. ఇదిగో ఇప్పుడు వినపడుతోంది, లేబరేటరీలో వాన చప్పుడు మీదుగా, పళ్లు ఊడిపోయిన మనిషి లవంగం వేసి తాంబూలం దంచుకునే చిన్న ఇనప రోలు, మంచం పక్కనే గూట్లో ఉండేది, మధ్యాహ్నం తను గిన్నెలు తోముకోడానికి పెరట్లోకి పోగానే టక్ టక్ టక్, బాగున్న కుడిచేత్తో. ఆకులు నిన్ననే అయిపోయాయి కదా, ఏటి దంచుతున్నారు అని ఒకసారి పెరట్లోంచే కేకేసింది. వక్క పుణ్యం, ఉత్త వక్క, అన్నాడు. గూట్లో ఆ రోలు పక్కనే ఈ నెమలి డబ్బా. ముప్పై ఏళ్లు రాళ్లు నూరిన చెయ్యి. పసుపుకన్నా మెత్తగా నూరి, కలిపి, ఒక్కచేత్తో కలిపి, గుప్పెడు అబద్ధమాడకుండా కలిపి, పాపం. ఎందుకంటే తను పడుకునేది కాదు. రాత్రి గంటగంటకీ లేచి ఆయన్ని ఒత్తిగిలించేది, ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేది, నువ్వు పడుకో పుణ్యం, నాకు ముందే నువ్వు పోతావు అని బతిమాలేవాడు, వినేది కాదు. తర్వాత్తర్వాత ఎందుకో హాయిగా నిద్రపట్టింది, సుక్రి వేరు అమృతమని ఊరంతా చాటింది, సుక్రికి చీర కూడా పెట్టింది. పొద్దున్న లేచి చూస్తే ఆయన కళ్లు తెరుచుకునే ఉండేవి. బాగా నిద్రపోయారా అంటే, ఓ, బండలా, అనేవాడు. మాత్ర బుగ్గలో దాచుకుని, ఆ అని నోరు తెరిచి చూపించి, ఆయన నిద్ర తీసి తనకి పెట్టాడు. ఓరి దొంగ ముసలాడా. ఓరి నా దొంగ ముసలాడా. కోపమొచ్చింది, నిజంగా కోపమొచ్చింది, అడగొద్దా మనిషిని, చెప్పొద్దా, ఎవరినైనా చంపేస్తే, సుక్రిని జైల్లో పెట్టిస్తే, అని తిడుతూనే నవ్వొచ్చేసింది, నవ్వుతో పాటు ఏడుపు, చెప్పుల్లేని కాళ్లతో చల్లటి గచ్చు మీద నిలబడి రెండూ ఒకేసారి.

ప్రవీణకి రెండు ముక్కల్లో చెప్పింది. ఆ పిల్ల తెర మీద కొండ వంక చూసి, తాత లేబరేటరీ కోటు తను చిన్నప్పుడు తొడుక్కుని తిరిగిన సంగతి ఏమైనా జ్ఞాపకమొచ్చిందో ఏమో, ముక్కు తుడుచుకుంది. ఫోను తనే కలిపి ఇచ్చింది.

“సూర్యం, ఆ కాగితం సింపీ. ముందల సింపీ, తరవాత ఇను. సింపేవా? సుక్రి వేర్లో ఏటీ నేదురా. ఆ డబ్బాలో ఉన్నది మీ నాన్న.”

అవతల సంత గోలలో ఎక్కడో కోడిపుంజు ఒకటి అరిచింది. ఈవిడ రోలు సంగతీ, లవంగం సంగతీ, వక్క సంగతీ ఒక్క గుక్కలో చెప్పేసింది. కాగితం చిరిగిన చప్పుడు వినిపించింది, లేక వాన చప్పుడో, కానీ పుణ్యవతి కాగితమే అనుకుంది. “ఆవిడ బుట్టెత్తేస్తంది అమ్మా,” అన్నాడు వాడు చివరికి, చిన్నపిల్లాడి గొంతుతో.

“ఎత్తనియ్యకు. నువ్వే ఎల్లి మెట్టెక్కించి కుర్సీ ఎయ్యి. నేనొచ్చేదాకా ఉండమను. మనవడు పుట్టేడంట, నీ కొట్లోంచి ఒక స్టీలు గిన్నె పెట్టు, సిన్నది పెట్టకు ఎదవా, పెద్దది పెట్టు.” ఫోను ఆపి, చెప్పులు వెతుక్కుంటూ, హఠాత్తుగా ఒక సందేహమొచ్చి ఆగింది. “మరైతే అమ్మీ, నా సంగాత్ వేర్లో గుణమే నేదా?”

“ఈ పెన్సిలుకి ఆ ఒక్క మందే అడిగేను మామ్మా. వేరు గుణం అడగనేదు. అది మరో లెక్క.”

“అదీ మాట,” అంది పుణ్యవతి, గెలిచిన దానిలా. నాలుగింటి బస్సుకి అరగంట ఉంది. ప్రవీణ అప్పటికే డబ్బా ఒంపేసి, మిగిలిన పొడినంతా సీసాలోకి ఎత్తి పేరు రాసి, ఇది మళ్లీ ఎవరి నోట్లోకీ పోకూడదు మామ్మా, అంటూ తడిగుడ్డతో డబ్బా అడుగు తుడవడానికి చెయ్యి లోపల పెట్టింది. పుణ్యవతి ఒక్క అంగలో వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

“తినను అమ్మీ, నీ మీదొట్టు తినను. అడుగు మాత్రం తుడవకు.”